పచ్చి చేపలడిగితే ఎండు చేపలు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో వాళ్ళకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ల ఆఫీసులో పనిచేసి రిటైరయిందని మా చెల్లెలు అందరికీ చెబుతుంది. ఆ మాట విన్నవాళ్ళు వెంటనే తమ ప్రింటరు పాడయిందనో, ఆధార్ కార్డులో పేరు తప్పు పడిందనో నా దగ్గరికి వస్తారు. నాకు ప్రింటర్లు రావు. వచ్చిన పని ఒక్కటే. వెబ్‌సైట్లో పాత చిరునామా పట్టుకుని వచ్చిన మనిషి కొత్త చోటికి క్షేమంగా చేరుతున్నాడా లేదా అని చూడటం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నవ్వుకోవచ్చు. ఇప్పుడు మీకు ఆ చిరునామాలన్నీ క్షణంలో చూసిపెట్టే సాధనాలు ఉన్నాయి. మా రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, మొన్నమొన్నటిదాకా, నేను ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసేదాన్ని. దుకాణం వీధి మారితే పాత తలుపు మీద "ఫలానా చోటికి మార్చబడినది" అని బోర్డు పెడతారు కదా, అలాంటి బోర్డే సైట్లోనూ ఉంటుంది. దాన్నే రీడైరెక్టు అంటారు. తేడా ఏమిటంటే ఇక్కడ మనిషి బోర్డు చదవక్కర్లేదు, అదే అతన్ని చెయ్యి పట్టుకుని కొత్త చోటికి తీసుకుపోతుంది. జనం వెతికే సెర్చ్ కూడా ఆ బోర్డునే చదివి, ఎవరిని ముందు చూపించాలో, ఎవరిని వెనక్కి నెట్టాలో నిర్ణయించుకుంటుంది.

బోర్డులు రెండు రకాలు. "శాశ్వతంగా మారిపోయాం" అనేది ఒకటి, "కొన్నాళ్ళు అక్కడికి రండి, మళ్ళీ ఇక్కడికే వస్తాం" అనేది రెండోది. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే గొడవంతా వీటి మధ్యనే జరిగింది.

ఊళ్ళవాళ్ళకి సైట్లు చేసిపెట్టే మా ఆఫీసు అరసవల్లిలో ఒక లాడ్జి పై అంతస్తులో ఉండేది. ఆదివారమొస్తే గుడికొచ్చే ఆటోలు మా మెట్ల దాకా నిండిపోయేవి. హారన్ల మోతలో ఫోన్లో మాట్లాడాలంటే బాత్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకోవాల్సిందే. మా యజమాని మంచి మనిషి. సదస్సులంటే మాత్రం పిచ్చి. ఎక్కడ సదస్సు జరిగినా వెళ్ళి, ఒక కొత్త నియమం నేర్చుకొచ్చి, దాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించేవాడు. అలా అంటించినవాటిలో ఒకటి "బోర్డు ఎప్పుడూ శాశ్వతమే" అన్నది. సెర్చ్‌కి అదే ఇష్టమని ఎవరో చెప్పారట. ఆయన పక్కా శాకాహారి కూడాను. మేం చేపల పులుసు తెచ్చుకున్న రోజు ఆయన మధ్యాహ్నమంతా బాల్కనీలోనే గడిపేవాడు.

మా ఇంజనీరుది శృంగవరపుకోట దగ్గర వ్యవసాయ కుటుంబం. ముప్ఫై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా పరీక్ష రాయబోతున్నవాడిలా ఎప్పుడూ కంగారుగా ఉండేవాడు. నన్ను పిన్నిగారూ అని పిలిచేవాడు. పని చేతిలో పెడితే నోరెత్తేవాడు కాదు. గోడ మీద రాసి ఉంటే ఇక దాన్ని ప్రశ్నించడం అతని వల్ల కాని పని.

మా దగ్గరికి వచ్చినవాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైనవాళ్ళు కళింగపట్నం ఆడవాళ్ళు. చేపలమ్ముకునే కుటుంబాలవాళ్ళు ఒక సంఘంగా చేరి, పడవ మీద వచ్చిన చేపని నేరుగా శ్రీకాకుళం, విశాఖపట్నం ఇళ్ళకి పంపాలని సైటు పెట్టించుకున్నారు. వాళ్ళ నాయకురాలు ఒక నడివయసు మనిషి, గొంతు గంట. మా ఆఫీసుకి మొదటిసారి వచ్చినప్పుడే, "అమ్మా, ఇన్నాళ్ళూ మా సేపకి సావుకారు సెప్పిందే రేటు. ఇక మేం సెప్తాం. నువ్వు ఆ కంపూటర్లో మా పేరు పైకి తే, సాలు," అంది. నాకు ఆవిడ అప్పుడే నచ్చేసింది.

దసరాలకి సైటు మొదలైంది. ఎండలు ముదిరేసరికి విశాఖలో ఎవరైనా తాజా చేపల కోసం సెర్చ్‌లో వెతికితే మొదట వీళ్ళే కనబడేవారు. అంతలో వేట నిషేధం వచ్చింది. ఏటా ఎండాకాలంలో సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో ఇంజను పడవలు వేటకి వెళ్ళకూడదు. ఆ రోజుల్లో మన తీరమంతా ఎండు చేపల మీద బతుకుతుంది. సైటూ అలాగే బతకాలి కదా. పచ్చి చేపల పేజీకి వచ్చినవాళ్ళని ఎండు చేపల పేజీకి మళ్ళించమని నాయకురాలు కబురు చేసింది. మా ఇంజనీరు గోడ వైపు ఒకసారి చూసి, శాశ్వతం బోర్డు పెట్టేశాడు. నేను నా ఫోన్లో నొక్కి చూశాను. పచ్చి వంజరం చేప అడిగితే ఎండు నెత్తళ్ళ దగ్గరికి చక్కగా చేరాను. బాగుందన్నాను. బోర్డు ఎన్నాళ్ళకని నేనడగలేదు, అతనూ చెప్పలేదు, నియమం రాసిన మా యజమానికైతే ఆ సైటులో ఏముంటుందో చూసే ధైర్యమే లేదు.

ఎండు చేపలు బాగానే అమ్ముడయ్యాయి. ఆ ఉత్సాహంలో నాయకురాలు ఒక పెద్ద మాట ఇచ్చేసింది. నిషేధం ఎత్తేసిన తర్వాత మొదటి వేటకి వెళ్ళే పడవల్లో కొన్నిటి చేపంతా సంఘమే తీసుకుంటుందని పడవలవాళ్ళకి చెప్పింది. ఆ మాట నిలబెట్టుకుంటే ఇక ఏడాదంతా పడవలు వాళ్ళవైపే. నిలబెట్టుకోలేకపోతే చేపంతా సావుకారు బండి ఎక్కుతుంది, సంఘంలో ఉన్న ఆడవాళ్ళంతా మళ్ళీ అతని గుమ్మం ముందు నిలబడాలి. ఆవిడని నమ్మి వచ్చినవాళ్ళు రెండోసారి నమ్మరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు.

నిషేధం ఆఖరి రోజు సాయంత్రం ఇంజనీరు బోర్డు తీసేశాడు. నేను ఆఫీసు కంప్యూటర్లో చూశాను. పచ్చి చేపలు పచ్చిగానే కనబడ్డాయి. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పరీక్షించేవాళ్ళ కోసం మా కంప్యూటర్లు ముందు రోజు చూసినవేవీ గుర్తుపెట్టుకోకుండా ఏర్పాటు చేసి ఉంచేవాళ్ళం. ప్రతి రోజూ వాటికి కొత్త రోజే. లోకంలో జనం చేతుల్లో ఉన్న ఫోన్లు అలాంటివి కావని ఆ సాయంత్రం మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్న నాయకురాలు మమ్మల్ని ముగ్గురినీ తీరానికి పిలిచింది. నిషేధం తీరిన అర్ధరాత్రే వెళ్ళిన మొదటి వేట పడవలు తిరిగొచ్చే పొద్దున్న గంగమ్మకి కొబ్బరికాయ కొట్టడం వాళ్ళ ఆనవాయితీ. "సైటు మీది కాబట్టి మీరూ ఒక కాయ కొట్టాల," అని పట్టుబట్టింది. యజమాని కారులో వెళ్ళాం. ఆయన కారు దిగగానే గాలి ఎటు వీస్తోందో చూసుకుని, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వాసన తగలని పక్కకి జరిగి నిలబడ్డాడు.

వంశధార సముద్రంలో కలిసే చోట పడవలు ఒక్కొక్కటీ ఒడ్డెక్కుతున్నాయి. పసుపు రాసి, పూలదండలు కట్టిన పడవలు. ఆడవాళ్ళు తలమీద గంపలతో నీళ్ళలోకి పరుగెడుతున్నారు. ఎన్నాళ్ళ తర్వాతో కళ్ళు మెరిసే వంజరాలు, తెల్లటి చందువలు. చూస్తుంటే నాకే ఆకలేసింది. కాస్త దూరంలో సావుకారు ఐసు నింపిన బండి ఆపుకుని, దాని నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతన్ని ఊళ్ళో అందరూ మావా అనే పిలుస్తారు. చెడ్డవాడని చెప్పలేను. తొందర లేనివాడు, అంతే. ఆడవాళ్ళ చేతిలో చేప ఎంతసేపు నిలవుంటుందో అతనికి తెలుసు.

నాయకురాలు విశాఖలో ఉన్న తన పాత ఖాతాదారుకి ఫోన్ చేసింది. "అమ్మా, వేట మొదలైపోనాది. పచ్చి సేపలొచ్చినాయి, ఆర్డరెట్టీ!"

అవతలావిడ గొంతు మాకూ వినబడింది. "నేను పొద్దున్నించీ చూస్తున్నానమ్మా. ఎండు చేపలే వస్తున్నాయి కదా!"

నేను నా ఫోను తీశాను. వంజరం పేజీ నొక్కాను. నెత్తళ్ళు ప్రత్యక్షమయ్యాయి. నాయకురాలు తన ఫోన్లో చూసింది. ఎండు రొయ్యపప్పు. ఇంజనీరు తన ఫోన్లో చూశాడు. అతని మొహం కూడా ఎండిపోయింది.

"నిన్న తీసేశాను పిన్నిగారూ. మీరూ చూశారు కదా!"

"చూశాను బాబూ. మరి ఇదేమిటి?" అన్నాను నేను.

గంపలు దించిన ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నాయకురాలు పైకి ధైర్యంగానే ఉంది కానీ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. అప్పుడు కుర్చీలోంచి సావుకారు కేకేశాడు. "ఒసే, ఎండు సేపలు బాగా అమ్ముతన్నారంట కదా. అవే అమ్ముకోండి. పచ్చివి నేను సూసుకుంటాను లే."

"నువ్వు కూకో మావా," అంది నాయకురాలు. కానీ గొంతులో గంట మోగలేదు.

సరిగ్గా అప్పుడు మా యజమాని జేబురుమాలు కొంచెం తీసి, సందేహిస్తూ అన్నాడు. "నాకు బాగానే కనబడుతోందే."

ఆయన ఫోను లాక్కుని చూశాను. వంజరం, చందువ, రొయ్యలు, అన్నీ నిగనిగలాడుతూ ఉన్నాయి. అదే చిరునామా, అదే ఒడ్డు, అదే నిమిషం. మా అందరికీ ఎండినవి, ఆయనొక్కడికీ పచ్చివి!

"సార్, మీరీ సైటు ఇదివరకు ఎప్పుడైనా తెరిచారా?" అని అడిగాను.

"నేనా! రామరామ. ఇందాకే, మీరంతా కంగారు పడుతుంటే మొదటిసారి తెరిచాను."

ఇంజనీరు ఇసకలో చతికిలబడ్డాడు. "అర్థమైపోయింది పిన్నిగారూ," అన్నాడు. నిషేధం రోజుల్లో ఎవరు వచ్చినా మా బోర్డు వాళ్ళ ఫోనుకి "మేం శాశ్వతంగా మారిపోయాం" అని చెప్పింది. ఫోను ఆ మాట నమ్మి గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు మేం బోర్డు తీసేసినా ఫోను మా గుమ్మం దాకా రావడం లేదు. మధ్యదారిలోనే మలుపు తిరిగి నేరుగా ఎండు చేపలకి పోతోంది. ఒక్కసారి కూడా రానివాళ్ళకి మాత్రమే తలుపు తెరిచి ఉంది. అంటే మండే ఎండల్లో కూడా వీళ్ళని వదలకుండా వచ్చి కొన్నవాళ్ళెవరో, సరిగ్గా వాళ్ళనే మేం తోసేస్తున్నాం.

"తప్పు నాదే సార్," అన్నాడు ఇంజనీరు, లేవకుండానే. అతని కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

మా యజమాని అతని పక్కన ఇసకలోనే కూర్చున్నాడు, తెల్ల ప్యాంటుతో సహా. "గోడకి అంటించినవాణ్ణి నేనయ్యా. లే, ఏం చేద్దామో చెప్పు," అన్నాడు. ఆ మాటకి ఆయన సదస్సులన్నీ నేను క్షమించేశాను.

ముందు నాయకురాలు తన పద్ధతిలో ప్రయత్నించింది. మళ్ళీ విశాఖ ఖాతాదారుకి ఫోన్ చేసి, "అమ్మా, నీ ఫోన్లో పాతవన్నీ తుడిసీ, అప్పుడు వస్తాది," అని చెప్పింది. ఆవిడ హడలిపోయి, "నా మనవరాలి ఫోటోలు పోతాయేమో, నాకొద్దమ్మా," అని పెట్టేసింది. ఇలా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే చేపల సంగతి దేవుడెరుగు, మేమే ఎండిపోతాం.

లైట్‌హౌస్ వైపు సిగ్నలు బాగుందంటే అటు నడిచాం. తిరగేసిన ఐసు పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంజనీరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జనమంతా ఎండు చేపల పేజీకే వస్తున్నారు కాబట్టి, ఆ పేజీ తలమీదే ఎర్రటి పెద్ద బొత్తాం పెట్టాడు, పచ్చి చేపలు ఇక్కడ అని. ఆడవాళ్ళంతా తమ తమ ఫోన్లలో ఒకేసారి నొక్కారు. పేజీ ఒక్కసారి కళ్ళు మూసి తెరిచినట్టయి, మళ్ళీ ఎండు చేపలే వచ్చాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అవే.

"ఓలమ్మో, ఇదేటే, రంగులరాట్నమా!" అంది ఒకామె. అంతవరకు బిగుసుకుపోయి ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఇంజనీరొక్కడే నవ్వలేదు పాపం.

అప్పుడు నా పని నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ నేను చూసిందల్లా ఏ గుమ్మం ఎక్కడికి తెరుచుకుంటుందనే కదా. "బాబూ, నీ బొత్తాం పాత గుమ్మానికే పంపుతోంది. ఆ గుమ్మం వీళ్ళ ఫోన్ల లెక్కన మూసేసింది. అక్కడికి ఎన్నిసార్లు పంపినా తిరగ్గొడుతుంది. పచ్చి చేపలకి కొత్త చిరునామా పెట్టు. ఏ ఫోనూ ఎప్పుడూ విననిది," అన్నాను.

"పేజీ చిరునామా మారిస్తే సెర్చ్‌లో ఏమవుతుందో పిన్నిగారూ..."

"ముందు సేపలు అమ్మండి బాబూ. ఆ సెర్చోడికి తర్వాత నేను సెప్తాను," అంది నాయకురాలు, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

కొత్త చిరునామా పెట్టాడు. బొత్తాన్ని దానికి తగిలించాడు. పాత చిరునామాకి కొత్తగా వచ్చేవాళ్ళు కూడా అక్కడికే చేరేలా బోర్డు రాశాడు. రాస్తూ రాస్తూ ఆగి, "ఇది శాశ్వతమేనా పిన్నిగారూ?" అని నన్నడిగాడు. ఇల్లు నిజంగానే మారింది కాబట్టి ఈసారి శాశ్వతమే అని చెప్పాను. వచ్చే ఏడు నిషేధానికి మాత్రం తాత్కాలికం బోర్డు పెట్టాలని అక్కడికక్కడే అనుకున్నాం.

నేను నా ఫోన్లో ఎండు చేపల పేజీ మళ్ళీ తెరిచి, ఎర్ర బొత్తాం నొక్కాను. వంజరం వచ్చింది! పక్కామె నొక్కింది. వంజరం! చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి అరిచారు. సముద్రం మీద కాకులు కూడా లేచిపోయాయి.

నాయకురాలు విశాఖావిడకి మూడోసారి ఫోన్ చేసింది. "తల్లీ, ఏటీ తుడవద్దు. ఎర్రబొత్తాం నొక్కు, సాలు."

మొదటి ఆర్డరు ఆవిడదే. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత వరసగా. తమాషా ఏమిటంటే దారిలో ఎండు చేపలు కనబడుతున్నాయి కాబట్టి చాలామంది వంజరంతోపాటు నెత్తళ్ళూ ఒక పొట్లం పడేసుకుంటున్నారు. ఆర్డర్లు వచ్చే ఫోను చదవడానికి చేపల నీళ్ళు అంటని చెయ్యి కావాలి. ఆ ఒడ్డు మొత్తం మీద అలాంటివి మా యజమాని చేతులే. ఆయన జేబురుమాలు ఎప్పుడు జేబులోకి పోయిందో తెలియదు. పడవ అంచెక్కి నిలబడి, "చందువ ఒకటి! రొయ్యలు రెండు! అమ్మా, చందువంటే ఆ బల్లపరుపుగా ఉన్నదేనా?" అని కేకలేస్తున్నాడు. ఆడవాళ్ళు కడుగుతున్నారు, పెట్టెల్లో సర్దుతున్నారు, ఆయన్ని ఆటపట్టిస్తున్నారు. ఇంజనీరుకి ఎవరో గ్లాసుతో టీ ఇస్తే ఒక్క గుక్కలో తాగేసి, మొదటిసారి నవ్వాడు.

పిల్లలూ, మీరు అడుగుతారని చెబుతున్నాను. సెర్చ్‌లో పోయిన చోటు అంత తేలిగ్గా తిరిగి రాలేదు. పచ్చి చేపల పేజీ శాశ్వతంగా పోయిందని అది నమ్మి కూర్చుంది. కొత్త గుమ్మాన్ని నమ్మించడానికి వానాకాలం చాలా భాగం గడిచింది. ఈలోగా వాళ్ళని నిలబెట్టింది ఆ పాత ఖాతాదారులే. మా యజమాని మర్నాడు ఆఫీసుకి రాగానే గోడ మీద కాగితం పీకేశాడు. దాని చోట ఇంకేమీ అంటించలేదు.

ఆ పొద్దున్న మాత్రం కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. సంఘానికి ఉన్నది ఒక్క ఆటో. పెట్టెలు చూస్తే ఒడ్డునిండా ఉన్నాయి. ఐసు అయిపోవస్తోంది. నాయకురాలు పెట్టెలు చూసి, ఆటో చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

సావుకారు అప్పటికి కుర్చీలోంచి లేచి వచ్చాడు. చాలాసేపటి నుంచీ మా వెనకే నిలబడి చూస్తున్నాడు. తన ఫోను నా చేతికిచ్చి, "అమ్మా, నాకేటి కనబడతాదో సూడు. నాకు ఇయి పెద్దగా తెలవు," అన్నాడు.

పాత చిరునామా నొక్కాను. ఎండు చేపలు వచ్చాయి.

నాయకురాలి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ సైటు ముఖం చూడనివాళ్ళకి పచ్చి చేపలు, నిషేధంలో వచ్చి పోయినవాళ్ళకి ఎండు చేపలు. ఆ సంగతి అప్పటికి ఒడ్డు మీద అందరికీ కంఠతా వచ్చేసింది.

"మావా! నిషేధంలో మా దుకాణానికి ఎన్నిసార్లొచ్చేవేటి?"

సావుకారు మెడ తడుముకున్నాడు. "ఊరికే... రేట్లు ఎలగున్నాయో సూద్దారని."

ఆడవాళ్ళ నవ్వు పడవలమీదికి పాకింది. వలలు విదిలిస్తున్న మగవాళ్ళు కూడా ఆపి నవ్వారు. నాయకురాలు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుంది. గొంతులో గంట తిరిగి వచ్చేసింది.

"ఇన్నాళ్ళూ దొంగసాటుగా ఒచ్చినావు. ఈ పాలి ఎదురుగానే రా. నీ బండి కాళీగా ఉన్నాది, నీ కాడ ఐసున్నాది. కిరాయికిస్తావా?"

సావుకారు ఆవిడ మొహం చూశాడు, ఒడ్డు మీద పెట్టెలు చూశాడు. తల విదిలించి, తనూ నవ్వేశాడు. తర్వాత బండి దగ్గరికి నడిచి, వెనక తలుపు తాడు తనే విప్పాడు.

"వంజరం పెట్టెలు ముందు లోనకి తోయండే, అడుగున ఐసు బాగున్నాది," అన్నాడు.